సూర్యశక్తి వ్యాపారము – నేత కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు

గత వేసవిలో మా సహకార సంఘ సభ్యురాలగు ఒక వృద్ధురాలు సేలములోని మా కార్యాలయమునకు వచ్చి మమ్మొక ప్రశ్న అడిగిరి. ఆమె ఇంట ఒక గుంట మగ్గమును, కండెలు చుట్టు చిన్న మోటారును గలవు. అంతకు నాలుగు నెలల క్రిందట బ్యాంకు అప్పుతో మిద్దెపై 2 కిలోవాట్ల సూర్యపలకలు వేయించుకొనిరి. ఆ అప్పు కాగితములపై హామీదారులుగా చేవ్రాలు చేసినది మేమే.

"ఏం నాయనా, మిద్దె మీద నిప్పులు చెరిగే ఎండ కాస్తుంటే, కరెంటు పోగానే కింద నా దీపమెందుకు ఆరిపోయింది? మోటారెందుకు నిలిచిపోయింది?" అని ఆమె అడిగిరి.

మేము జవాబు చెప్పలేకపోతిమి. ఇక కరెంటు కోత బాధ ఉండదని పలకలమ్మిన వర్తకుడు చెప్పెనట. ఆ మాట ఆమె నమ్మిరి. విచారింపకయే మేమును నమ్మితిమి. నూలు కొనునపుడు చిలప విప్పి పోగు లాగి చూడనిదే డబ్బు చెల్లింపని మేము, ఇంత పెద్ద సరకును చూడకయే చేవ్రాలు చేసితిమి. మేము మెట్రిక్యులేషను వరకే చదివినవారము. అయినను ఆ నాటి నుండి తెలిసిన వారినడిగి, చదివి, లెక్కలు వేసి గ్రహించిన సంగతులను ఈ పాఠముగా వ్రాయుచున్నాము. ఇతర ఊళ్లలోని మన కుటుంబములు అప్పు చేయుటకు ముందే దీనిని చదువవలెనని మా కోరిక.

1. పలక పనిచేయు విధము

వర్తకులు ప్యానెలు అని చెప్పు పలకలో సిలికాన్ అను పదార్థపు పలుచని బిళ్లలు వరుసగా కూర్చబడియుండును. సిలికాన్ ఇసుకనుండి తీయబడునది. వెలుతురు ఆ బిళ్లపై పడినప్పుడు అందలి ఎలక్ట్రాన్లు కదలును; ఆ కదలికయే కరెంటు. వెలుతురునుండి విద్యుత్తు పుట్టుననుట 1839లో ఫ్రాన్సు దేశపు ఎడ్మండ్ బెకెరెల్ కనుగొనెను. పనికివచ్చు సిలికాన్ బిళ్లను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసి చూపిరి. దానిపై పడిన వెలుతురులో సుమారు 6 పాళ్లు మాత్రమే కరెంటుగా మారెను. నేడు బజారులో దొరకు మంచి పలకలు 22, 23 పాళ్ల వరకు మార్చుచున్నవి.

ఇచట మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది, పలకకు కావలసినది వెలుతురే కాని వేడి కాదు. పలక శక్తిని 25 డిగ్రీల వద్ద కొలిచి అట్టపై వ్రాయుదురు. మన మిద్దెలపై మధ్యాహ్నము పలక 60 డిగ్రీల వరకు కాగును. ఎక్కిన ప్రతి డిగ్రీకి నూటికి మూడోవంతు పాలు చొప్పున శక్తి తగ్గును. కావున మండు వేసవిలో చెప్పిన శక్తికంటె నూటికి పదిపాళ్లకు పైగా తక్కువ వచ్చినను ఆశ్చర్యపడనక్కరలేదు.

రెండవది నీడ. బిళ్లలు ఒకదాని వెంట ఒకటి కలుపబడియుండును. పడుగులో ఒక చోట చిక్కుపడిన మగ్గమంతయు ఆగినట్లు, ఒక మూల కొబ్బరిమట్ట నీడ పడినను ఆ వరుస మొత్తము సన్నగిల్లును. మూడవది దుమ్ము. మరమగ్గముల షెడ్డుల దగ్గర దూది నూగు కూడ పలకలపై అంటుకొనును. ఉదయము చల్లని వేళ మంచినీటితో కడుగవలెను. మధ్యాహ్నము కాగిన గాజుపై చన్నీరు పోయరాదు.

2. వ్యాపారము పెరిగిన తీరు

తొలినాళ్లలో ఈ పలకలు బంగారమువలె ఖరీదు. 1958లో అమెరికావారు పంపిన వాన్‌గార్డ్ ఉపగ్రహమునకు వీనిని అమర్చిరి. ఆకాశములో వేరు దారి లేనందున ఎంత ఖరీదైనను పెట్టిరి. నేలమీదికి ఇవి దిగివచ్చుటకు చాల కాలము పట్టినది. 2000లో జర్మనీ ప్రభుత్వము సూర్యవిద్యుత్తును మంచి ధరకు ఇరువది సంవత్సరములు కొనునట్లు చట్టము చేయగా గిరాకి పుట్టెను. పిదప చైనా దేశము పెద్ద కార్ఖానాలు పెట్టి విరివిగా చేయసాగెను. తయారైన సరకు రెట్టింపు అయినప్పుడెల్ల ధర సుమారు ఐదవ వంతు తగ్గుచు వచ్చెను. 2010 మొదలు పది సంవత్సరములలోనే పలకల ధర పదింట తొమ్మిది వంతులు పడిపోయెను. లోకమందలి సూర్యవిద్యుత్ శక్తి 2022లో 100 కోట్ల కిలోవాట్లు దాటెను. మరి రెండేండ్లకే, అనగా 2024లో, అది 200 కోట్లు దాటినది.

ధర తగ్గుట కొనువారికి మేలు; చేయువారికందరికిని మేలు కాదు. మిల్లు గుడ్డ వచ్చినపుడు ఏమి జరిగెనో మన పెద్దలెరుగుదురు. ఇచటను అదియే జరిగెను. ఒకప్పుడు లోకములోనే పెద్దదిగా పేరొందిన జర్మనీ కంపెనీ క్యూ-సెల్స్ 2012లో దివాలా తీయగా కొరియావారు కొనుక్కొనిరి. దీనిలో మనకొక పాఠము గలదు. పలకకు 25 సంవత్సరముల హామీ ఇత్తుమని కాగితమిత్తురు. ఆ కాగితము విలువ, దానినిచ్చిన కంపెనీ అంతకాలము బ్రతికియుండుటనుబట్టి యుండును.

మన దేశమున జాతీయ సౌర పథకము 2010 జనవరిలో ఆరంభమైనది. ఆ సంవత్సరాంతమున జరిగిన మొదటి వేలములో సూర్యవిద్యుత్తు యూనిటు ధర 10 రూపాయలకు పైనే యుండెను. 2017లో రాజస్థానములోని భాడ్లాలో అది 2 రూపాయల 44 పైసలకు దిగెను. 2020 డిసెంబరులో గుజరాతులో 1 రూపాయి 99 పైసలు పలికెను. 2025 జనవరి నాటికి దేశములోని సూర్యవిద్యుత్ శక్తి 10 కోట్ల కిలోవాట్లు దాటెను. అయితే అవి వేల ఎకరములలో వేయు పెద్ద కేంద్రముల ధరలు. మన మిద్దెపై వేయు రెండు మూడు కిలోవాట్లకు ఆ లెక్క సరిపోదు. పదివేల చీరలకు కొనువానికి దొరకు నూలు ధర ఒక్క చీర నేయువానికి దొరకదు గదా!

ఇట్టి పెద్ద కేంద్రమొకటి మన తెలుగువారి ముంగిటనే గలదు. కర్ణాటకములోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా ఆంధ్ర సరిహద్దున నున్నది. అచట తెలుగు మాట్లాడువారు మెండు. పలుమార్లు కరవుబడిన ఆ నేలపై ఐదు గ్రామముల రైతులు సుమారు 13,000 ఎకరములు కౌలుకిచ్చిరి. కౌలు ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలుగా మొదలై, రెండేండ్లకొకసారి నూటికి 5 చొప్పున పెరుగునట్లు ఒప్పందము. 2019 చివరకు ఆ కేంద్రము 20 లక్షల 50 వేల కిలోవాట్లకు పూర్తియైనది. భూమిగలవారికి వానపడినను పడకున్నను కౌలు వచ్చుచున్నది. భూమిలేని కూలివారికి మాత్రము పొలము పనులు తగ్గినవి. కొత్త వ్యాపారము వచ్చినపుడు లాభము ఎవరి చేతికి పోవునో ముందుగా చూచుకొనవలెననుటకు ఇది దృష్టాంతము.

3. కొత్త రకములు

వర్తకులు ఇప్పుడు వింత పేర్లు చెప్పుచున్నారు. వాని అర్థము తెలిసిన భయపడనక్కరలేదు.

పెర్క్ అనునది ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున 1980లలో పుట్టినది. బిళ్ల వెనుకవైపున వృథాయగు ఎలక్ట్రాన్లను కాపాడుటకు అచట ఒక పొర వేయుదురు. టాప్‌కాన్ అనునది దానికంటె మెరుగైన పొర. 2013 ప్రాంతమున జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థవారు దీనిని వెల్లడించిరి. ఎండవేడికి పెర్క్ కంటె ఇది కొంచెము తక్కువగా సన్నగిల్లును. నేడు కొనువారు ఈ రకమునే అడుగుట మంచిది.

రెండువైపుల పలకలనగా వెనుకవైపు కూడ వెలుతురును గ్రహించునవి. సున్నము కొట్టిన తెల్లని మిద్దెపై కొంత ఎత్తుగా నిలిపినప్పుడే వానివలన లాభము. రేకులకు ఆనించి బిగించినచో ఆ లాభముండదు.

పలుచని పొర పలకలలో సిలికాన్‌కు బదులు కాడ్మియమ్ టెల్యురైడ్ అను పదార్థమును గాజుపై పూయుదురు. అమెరికా కంపెనీ ఫస్ట్ సోలార్ ఇట్టి కార్ఖానాను 2024 జనవరిలో తమిళనాడునందు ప్రారంభించినది. ఇవి పెద్ద కేంద్రములకే ఎక్కువగా వాడుదురు.

అన్నిటికంటె కొత్తది పెరోవ్‌స్కైటు. 2009లో జపానులో దీనిని మొదట ప్రయత్నించినపుడు నూటికి 4 పాళ్లు కూడ రాలేదు. ఇప్పుడు సిలికాన్ బిళ్లపై దీనిని పొరగా వేసి జంటబిళ్ల చేయుచున్నారు. పై పొర నీలిరంగు వెలుతురును, క్రింది పొర ఎఱ్ఱని వెలుతురును పట్టును. ఒంటి సిలికాన్ ఎంత బాగుచేసినను 29 పాళ్లు దాటుట కష్టము. ఈ జంట ప్రయోగశాలలో 34 పాళ్లు దాటినది. ఆక్స్‌ఫర్డ్ పి.వి. అను కంపెనీ 2024లో ఇట్టి పలకలను మొదటిసారి అమ్మెను. కాని తేమకును వేడికిని ఈ పొర త్వరగా చెడును. మన మిద్దెపై ఇరువదేండ్లు నిలుచునని రుజువగువరకు దీనికై అప్పు చేయరాదు. దీనికొరకు కాచుకొని కూర్చుండుటయు వలదు.

బ్యాటరీలలోను మార్పు వచ్చినది. పాత సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేసిన ఆయుస్సు తగ్గును, శుద్ధజలము పోయుచుండవలెను. లిథియమ్ ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ ఖరీదు హెచ్చు గాని, నూటికి ఎనుబది పాళ్లవరకు వాడుకొనవచ్చును. వేలసార్లు నింపి తీసినను నిలుచును.

4. కరెంటు పోయినప్పుడు దీపమెందుకు ఆరెను?

ఇప్పుడు అవ్వగారి ప్రశ్నకు జవాబు. వారి మిద్దెపై వేసినది లైనుతో కలిపిన ఏర్పాటు. పలకల కరెంటు ఇన్వర్టరు ద్వారా వీధి లైనులో కలియును. లైను కరెంటు పోయిన క్షణమున ఆ ఇన్వర్టరు తనంతట తానే ఆగునట్లు చేయబడియున్నది. అది లోపము కాదు, నియమము. వీధి స్తంభముపై లైను బాగుచేయు మనిషి యుండును. మన మిద్దెనుండి ఆ లైనులోనికి కరెంటు పోయినచో అతని ప్రాణమునకే ముప్పు. కావున బ్యాటరీ లేని ఈ ఏర్పాటు కరెంటు కోతలో ఎంత ఎండ యున్నను పనిచేయదు.

కోతలోను దీపము వెలుగవలెనన్న బ్యాటరీ యుండవలెను. దానికి హైబ్రిడ్ అను ఇన్వర్టరు గాని, వేరుగా ఒక చిన్న ఇన్వర్టరు గాని కావలెను. అవ్వగారి అవసరమును మేము కొలిచితిమి. 10 వాట్ల దీపములు రెండు, 30 వాట్ల పంకా ఒకటి, పావు హెచ్.పి. మోటారు 190 వాట్లు, మొత్తము 240 వాట్లు. రెండు గంటల కోతకు కావలసినది అర యూనిటు. 12 వోల్టుల 150 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీలో 1.8 యూనిట్లు పట్టును. సగము వాడినను 0.9 యూనిటు. అది చాలును. అయితే మోటారు మొదలగునపుడు నడకలోకంటె నాలుగైదు రెట్లు కరెంటు లాగును. ఇన్వర్టరు దానిని తట్టునదై యుండవలెను.

అనగా ఆమెకు కావలసినది ఇంటింట వాడు మామూలు ఇన్వర్టరును, ఒక బ్యాటరీయును. పలకలు కానే కావు. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగానే యున్నది.

5. బిల్లు లెక్క

కరెంటు బిల్లైనను తగ్గినదా యని చూచితిమి. మన ప్రాంతములలో 1 కిలోవాటు పలకలు సగటున రోజుకు 4 యూనిట్లిచ్చును. సుమారు 100 చదరపుటడుగుల చోటు పట్టును. 2 కిలోవాట్లకు రోజుకు 8, రెండు నెలలకు 480 యూనిట్లు. ఆమె ఇంటి వాడకము రెండు నెలలకు 380 యూనిట్లు. తమిళనాడు ప్రభుత్వము 2023లో చేనేతవారికి రెండు నెలలకు ఇచ్చు ఉచిత కరెంటును 200 నుండి 300 యూనిట్లకు పెంచెను. కావున ఆమె మునుపు డబ్బు చెల్లించినది 80 యూనిట్లకే. పలకలు వేసిన పిదప మిగులునది ఆ 80 యూనిట్ల డబ్బును, లైనుకు పోవు 100 యూనిట్లకు బోర్డువారిచ్చునదియు మాత్రమే. అప్పు వాయిదా దానికంటె చాల హెచ్చు.

మరమగ్గములవారికిని ఇదే లెక్క వేయవలెను. తమిళనాడులో 2023లోనే మరమగ్గములకు రెండు నెలలకు 750గా నున్న ఉచిత యూనిట్లు 1000కి పెంచబడినవి. రెండు మగ్గములు రోజుకు సుమారు 12 యూనిట్లు వాడినను, 50 పనిదినములకు 600 యూనిట్లే. వారికి పలకలవలన బిల్లు తగ్గదు, తగ్గుటకు బిల్లే లేదు. కర్ణాటకములోను 10 హెచ్.పి. లోపు మరమగ్గములకు ఉచిత కరెంటు 2023లో ప్రకటింపబడెను. అచటివారును ముందు తమ బిల్లు చూచుకొనవలెను. ఉచిత యూనిట్లు లేనిచోట గాని, వాడకము వానిని మించినచోట గాని లెక్క తిరుగబడును. సోలాపూరు, భివండీలలో పగలంతయు నడచు మగ్గములు హెచ్చుగా గల మన సోదరులకు సూర్యశక్తి నిజముగా లాభము కావచ్చును. ఎండ కాయు వేళయే వారి మగ్గము నడచు వేళ.

కేంద్ర ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడవదానికి 18,000 రూపాయలు సహాయమిత్తురు. మొత్తము 78,000 రూపాయలకు మించదు. కోటి ఇండ్లకు ఉద్దేశించిన ఈ పథకమును 2026-27 వరకు నిర్ణయించిరి. ఇది కాపురపు ఇండ్లకే గాని షెడ్డులకు కాదు. దేశములో చేసిన బిళ్లల పలకలే వేయవలెను. సహాయము వచ్చుననుట నిజము. సహాయము వచ్చిన మాత్రమున లాభము వచ్చుననుట నిజము కాదు.

6. నేత పనికి ఏది తగును?

సూర్యశక్తిని మన వృత్తికి కలుపు యత్నములు ప్రభుత్వము లోగడ చేసినది. 2017 ఏప్రిల్ 1న ఆరంభించిన పవర్‌టెక్స్ పథకమున చిన్న మరమగ్గములవారికి సూర్యపలకలకై సహాయము ఒక భాగము. ఆ గడువు ముగిసినది. 2018 జూన్ 27న సోలార్ చరఖా మిషన్ ప్రారంభమైనది. అంతకుముందు బీహారులోని నవాదా జిల్లా ఖన్వా గ్రామమున దానిని ప్రయోగముగా నడిపిరి.

ఇచట చేనేతవారొక సంగతి మరువరాదు. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము ప్రకారము మరమగ్గము కానిదే చేనేత మగ్గము; యంత్రశక్తితో నడచునది మరమగ్గము. ఆ శక్తి బొగ్గునుండి వచ్చినను, ఎండనుండి వచ్చినను భేదము లేదు. "సూర్యుడే గదా నడుపునది" అని మగ్గమునకు మోటారు బిగించినచో అది చేనేత కాదు. దానిపై నేసిన గుడ్డకు చేనేత ముద్ర చెల్లదు, చేనేతకు కేటాయించిన రకములను దానిపై నేయరాదు. కండెలు చుట్టుటకు, మంచి వెలుతురుకు, పంకాకు మాత్రము వాడుకొనవచ్చును. నిజముగా మన ఆడవారి కష్టము తగ్గునది కండెల దగ్గరనే. పెద్దల కళ్లు నిలుచునది గుంట మగ్గముపై మంచి దీపమువలననే.

7. చేవ్రాలు చేయుటకు ముందు అడుగవలసినవి

ఒకటి: లైను కరెంటు పోయినపుడు ఇది పనిచేయునా? జవాబు కాగితముపై వ్రాయించుకొనవలెను.
రెండు: గత ఆరు బిల్లులలో మనము డబ్బు చెల్లించిన యూనిట్లెన్ని?
మూడు: మిగులు యూనిట్లకు బోర్డువారు ఎంత ఇత్తురు? ఈ మాట వర్తకునిగాక బోర్డు కార్యాలయమున అడుగవలెను.
నాలుగు: మన కప్పు బరువు మోయునా? పెద్ద పలక ఒక్కొక్కటి సుమారు 25 కిలోలుండును. పెంకుటింటిపైనను, సిమెంటు రేకులపైనను మేస్త్రీ చూడనిదే వేయరాదు.
అయిదు: ఉదయము 9 మొదలు సాయంకాలము 4 వరకు ఏ నీడ పడును?
ఆరు: హామీ ఇచ్చునది పలక చేసిన కంపెనీయా, అమ్మిన అంగడియా?
ఏడు: నెల వాయిదా ఎంత, నెలకు మిగులునది ఎంత? మొదటిది రెండవదానికంటె హెచ్చైనచో ఆగవలెను.

అవ్వగారి ఇంట ఇప్పుడు చిన్న ఇన్వర్టరును, బ్యాటరీయును పెట్టితిమి. ఆ ఖర్చులో సగము, హామీ చేవ్రాలు మాది గనుక, మా జీతమునుండి ఇచ్చితిమి. గడచిన నెల కోత వచ్చినపుడు దీపము వెలిగినది, కండెలు ఆగలేదు. పలకల అప్పు మాత్రము ఇంకను నాలుగేండ్లున్నది. సంఘ సర్వసభ్య సమావేశమున ఈ సంగతి దాచక చెప్పితిమి. పై ఏడు ప్రశ్నలకు జవాబులు వ్రాసియున్న కాగితము లేనిదే ఇకమీద ఏ సభ్యుని అప్పుకును సంఘము తరఫున హామీ ఇయ్యరాదని తీర్మానమైనది.

ఎండ అందరికిని ఉచితమే. దానిని పట్టు పలక ఉచితము కాదు. ఇతర సంఘముల కార్యదర్శులును తమ ఊరి కరెంటు ధరలతో ఈ లెక్క వేసి సభ్యులకు చదివి వినిపింపవలెనని మనవి.